రొయ్యల సీమలో రొయ్య పడనివాళ్ళు

గణపవరం నుంచి కొల్లేటి వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ చెరువులే. 2009లో వనామి రకం రొయ్య సాగుకు దేశంలో అనుమతి వచ్చాక రొయ్య ఇక్కడి బతుకుతెరువులో పెద్ద భాగమైంది. రొయ్యల వేపుడు లేని విందు, ఎండు రొయ్యలు పడని వంకాయ కూర ఈ ప్రాంతంలో వెలితిగానే అనిపిస్తాయి. ఇలాంటిచోట రొయ్య తింటే ప్రాణం మీదికి వచ్చే మనిషి బయట భోజనం చేయాలంటే ఎలా? జాగ్రత్తలు తెలిస్తే చేయొచ్చు.

ముందు జబ్బు సంగతి. రొయ్యలో ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. కొందరి ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా పొరబడి దాడికి దిగుతుంది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, గొంతు పట్టేయడం, ఆయాసం, బీపీ పడిపోవడం నిమిషాల్లో జరిగిపోవచ్చు. ఈ మాంసకృత్తు వేడికి చెడదు. ఎంత వేయించినా, ఎంత ఉడికించినా దాని గుణం పోదు. రొయ్యలు ఉడికే ఆవిరి పీల్చినా కొందరికి ఆయాసం వస్తుంది.

పీతలోనూ ఇంచుమించు ఇదే మాంసకృత్తు ఉంటుంది కాబట్టి రొయ్య పడనివాళ్ళలో చాలామందికి పీత కూడా పడదు. చేప సంగతి వేరు. చేప అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేది పార్వాల్‌బ్యూమిన్ అనే మరో మాంసకృత్తు. అందుకే రొయ్య పడనివాళ్ళు కొందరు కొరమీను పులుసు హాయిగా తినగలుగుతారు. అయితే ఆ మాట చెప్పాల్సింది పరీక్షలు చేసిన డాక్టరే. ఇన్నాళ్ళూ రొయ్యలు తిన్నానన్న ధీమా కూడా పనికిరాదు. ఈ అలర్జీ పెద్దయ్యాకా మొదలవుతుంది. ఒకసారి దద్దుర్లతో పోయింది కదా అని రెండోసారీ అంతటితో ఆగుతుందన్న హామీ లేదు.

బయట తినేటప్పుడు ప్రమాదం తెలిసిన కూరలో కంటే తెలియని మూకుడులో ఎక్కువ. సాయంత్రం బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. రొయ్యల పకోడీ వేగిన నూనెలోనే చికెన్ పకోడీ పడుతుంది. రెంటినీ తీసేది ఒకటే చిల్లుల గరిటె. పక్కన ఫ్రైడ్ రైస్ మాస్టారు ఒక ప్లేటు రొయ్యలది దించి, అదే బాణలిని గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి ఎగ్ రైస్ మొదలుపెడతాడు. రొయ్య ముక్క కంటికి కనబడదు, దాని సారం మాత్రం ప్లేటులోకి వచ్చేస్తుంది.

వేరుశనగ పడనివాళ్ళ కష్టం ఇంకా పెద్దది. ఇడ్లీ పక్కన తెల్లగా కనిపించే చట్నీలో కొబ్బరి కంటే పల్లీలే ఎక్కువ ఉండొచ్చు. మసాలా కూర చిక్కబడటానికి పల్లీ ముద్దో, జీడిపప్పు ముద్దో కలుపుతారు. బాగా శుద్ధి చేసిన వేరుశనగ నూనెలో మాంసకృత్తు దాదాపు మిగలదు కానీ గానుగ నూనెలో మిగులుతుంది.

కాబట్టి అడగాల్సింది వడ్డించే కుర్రాణ్ణి కాదు, వండే మాస్టారిని. అదీ రద్దీ లేని వేళ. "ఇందులో రొయ్యలున్నాయా?" అంటే "లేవండి" అని నిజమే చెబుతారు. "మాస్టారూ, ఈ నూనెలో ఇవాళ రొయ్యలు వేయించారా? ఈ గరిటె దేంట్లో పెట్టారు?" అని అడగండి. "నాకు పడదు" అంటే వేడి చేస్తుందేమో అనుకుంటారు. "తింటే ఊపిరాడదు, ప్రాణం పోతుంది" అని విడమర్చి చెప్పండి. జవాబులో తడబాటు ఉంటే మొహమాటపడకుండా లేచి రండి. పెళ్ళి విందైతే ముందురోజే వంటవాళ్ళతో మాట్లాడి, రొయ్యలు తాకని గిన్నెలోంచి ముందుగా వడ్డించమనండి.

ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే పదార్థాలు రాయాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు చెబుతున్నాయి. రొయ్య, పీత జాతులు, చేప, గుడ్డు, పాలు, వేరుశనగ, సోయా వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, నువ్వులు లేవు. 2016లో బ్రిటన్‌కు చెందిన నటాషా అనే పదిహేనేళ్ళ అమ్మాయి, రొట్టె పిండిలో కలిసిపోయిన నువ్వుల వల్లే చనిపోయింది. ఆ తర్వాతే బ్రిటన్‌లో దుకాణంలోనే తయారుచేసి ప్యాక్ చేసే ఆహారం మీద కూడా దినుసులన్నీ రాయాలన్న చట్టం 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మన టిఫిన్ సెంటర్లో అలాంటి పట్టిక ఉండదు కాబట్టి అడగడమే రక్షణ.

అన్ని జాగ్రత్తలూ దాటి ముప్పు వస్తే? మందు అడ్రినలిన్. తొడ బయటి వైపు కండలోకి వెంటనే ఇవ్వాలి. ఊళ్ళో చాలాచోట్ల ముందుగా అవిల్, డెక్సా సూదులు వేసి చూద్దామంటారు. అవి దద్దుర్లను తగ్గిస్తాయేమో గానీ మూసుకుపోతున్న గొంతును సమయానికి తెరవలేవు. దానంతటదే గుచ్చుకునే పెన్ను మన దగ్గర దొరకడం కష్టం, ఖరీదూ ఎక్కువే. అందుకే అడ్రినలిన్ ఆంపుల్, సిరంజి దగ్గర ఉంచుకుని, మోతాదు, వేసే పద్ధతి డాక్టరు దగ్గర ముందే నేర్చుకోవాలి. ఇంట్లో మరొకరికీ నేర్పాలి. సూది పడగానే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి ఉంచండి, ఆయాసపడుతుంటే కూర్చోబెట్టండి, నడిపించొద్దు. తేలికపడినా ఆసుపత్రిలో కొన్ని గంటలు ఉండాల్సిందే, లక్షణాలు మళ్ళీ తిరగబెట్టొచ్చు.

హోటల్ నడిపేవాళ్ళకు ఒక్క విన్నపం. రొయ్యలకు ఒక మూకుడు, ఒక గరిటె విడిగా పెట్టండి. ఎవరైనా వచ్చి అడిగితే విసుక్కోకండి, తెలియకపోతే తెలియదనే చెప్పండి. తెలియదన్న మాట విని వెనక్కి వెళ్ళిన మనిషి మరో పూట భోంచేస్తాడు. తెలియక "లేవండి" అంటే అతనికి ఆ పూటే ఆఖరిది కావచ్చు.