అద్దము కోయు పని

యాదగిరిగుట్ట నరసింహస్వామి దర్శనమునకు పోయివచ్చినవారి సంచిలో ప్రసాదముతోబాటు స్వామివారి పటమొకటి తరచుగా నుండును. దానికి చట్రము కట్టించి, అద్దము వేయించి, గోడకు తగిలించినగాని యిల్లాలికి తృప్తి కలుగదు. నల్లగొండలోను పాలమూరులోను పటములు కట్టు చిన్న కొట్లు ఈ తృప్తి మీదనే బ్రదుకుచున్నవి. 1894లో రవివర్మ బొంబాయిలో అచ్చుకూటము పెట్టించి దేవతల చిత్రములను ముద్రింపించిన పిదప, పటము సామాన్యుల గోడలకును వచ్చినది.

ఈ పనిలో కొయ్య కోయుటకు, మేకులు కొట్టుటకు మన స్త్రీలు వెనుదీయరు. జంకునది అద్దమునకే. పాలమూరులో మా పొరుగున నొక యిల్లాలు కలదు. భర్త చేయి విరిగి కొట్టు మూతపడు స్థితి వచ్చినప్పుడు, ఆమె చట్రములన్నియు తానే బిగించెను గాని అద్దములను మాత్రము వేరొకచోట కోయించి తెప్పించుచుండెను. వచ్చిన లాభము కోతకూలికే చాలెను; దారిలో పగిలినవి వేరు. తుదకు తానే కోత నేర్చెను. ఆమె చెంత నేను చూచినదియు, రెండు మూడు పలకలు పాడుచేసి తెలిసికొన్నదియు నిచట వ్రాయుచున్నాను.

కోయుట యని మనమందుము గాని, నిజమునకు అద్దము నెవరును కోయరు. దానిపై సన్నని గీటు గీయుదురు. గీటు క్రింద కంటికానని పగులొకటి పుట్టును. వెంటనే వంచినచో ఆ పగులు గీటు వెంబడి అడుగుదాక పరుగెత్తును. కావున చేతిబలముతో పని లేదు.

పూర్వము గీటు గీయుటకు వజ్రపు ములుకు గల కలమును వాడెడివారు. నల్లగొండ సీమకు కృష్ణ యావలి యొడ్డున కొల్లూరు వజ్రపు గనులుండెడివి. అయినను పేదపనివానికి వజ్రపు కలము కొనుట బరువే. 1869లో అమెరికా దేశమున శామ్యూల్ మాన్స్ అనునతడు చిన్న ఉక్కుచక్రము గల పనిముట్టుకు పేటెంటు పొందెను. నేడు గట్టి కార్బైడు చక్రముతో అట్టిదే చౌకగా దొరకుచున్నది. చిన్న కొట్టునకు అది చాలును. దారమును నూనెలో ముంచి చుట్టి కాల్చు పద్ధతి సీసాల విషయమున విందుము. చదునైన పలకకు అది పనికిరాదు, ప్రమాదము కూడ.

బల్ల సమముగా నుండవలయును. పైన పాత కంబళి పరచి, అద్దమును శుభ్రముగా కడిగి, ఆరబెట్టి యుంచవలెను. చక్రమును ఒక చుక్క కిరసనాయిలులో ముంచవలెను (మన వైపున దీనినే గ్యాసునూనె యందురు). అది లేనిచో కుట్టుమిషను నూనె చాలును. కొలబద్ద జారకుండ దాని యడుగున సైకిలు ట్యూబు ముక్క నంటించుకొనుడు. ఒక అంచు నుండి రెండవ అంచు దాక, ఆపకుండ, ఒకే ఒత్తిడితో లాగుడు. సన్నని కరకరధ్వని యెడతెగక వినబడినచో గీటు కుదిరినట్లే. చాలలేదేమో యని మరల అదే గీటుపై లాగుట నేను చేసిన తప్పు. చక్రము చెడినది, పలక వంకరగా విరిగినది. గీటు క్రింద రెండు చివరల అగ్గిపుల్లల నుంచి ఇరువైపుల నొక్కినచో చాలును. పిదప అంచును తడిపిన సానరాతితో రుద్దవలెను. పొడిగా రుద్దినచో గాజుధూళి ఊపిరిలోనికి పోవును. కంటికి అద్దములు, కాలికి చెప్పులు తప్పనిసరి.

అసలు పొదుపు పనిముట్టులో లేదు, లెక్కలో నున్నది. రవికగుడ్డలో కత్తెర నెటు తిప్పినను తిరుగును; అద్దమున గీటు అంచు నుండి అంచునకే పోవలయును గాని నడుమ మలుపు తిరుగదు. 24 అంగుళముల పొడవు, 18 అంగుళముల వెడల్పు గల పలక నుండి 10 అంగుళములకు 8 అంగుళముల పటముల కెన్ని అద్దములు వచ్చును? తొందరపడి రెండు వరుసలు, వరుసకు రెండు చొప్పున కోసినచో నాలుగే. మొదట పొడవునా 10 అంగుళముల పట్టీ విడదీసి, దానిని మూడు ముక్కలు చేయుడు. మిగిలిన 8 అంగుళముల పట్టీలో మరి రెండు వచ్చును. మొత్తము అయిదు, పైగా 4 అంగుళములకు 8 అంగుళముల ముక్క మిగిలి చిన్న ఛాయాపటమునకు పనికివచ్చును. మా పొరుగామె యీ లెక్క కాగితముపై వేసినగాని కలము ముట్టదు.

కోయవలసిన కొలత చట్రపు గాడి కంటె పొడవునను వెడల్పునను రెండేసి మిల్లీమీటర్లు తక్కువ యుండవలెను. వానలలో కొయ్య ఉబ్బి అద్దమును బిగించి పగులగొట్టును. పటములకు రెండు మిల్లీమీటర్ల మందము చాలును. పాత కిటికీల అద్దములు చౌక గాని, వయస్సు మీరినవి మొండికెత్తును. కారు తలుపుల అద్దములు గట్టిపరచినవి గనుక గీయబోయినచో మొత్తము పలుకులై రాలును. వాని జోలికి పోరాదు.

పెంకులను పాత రేకు డబ్బాలో వేసి, మూత బిగించి, చెత్తబండి వచ్చినప్పుడు గాజని చెప్పి వేరుగా చేతికియ్యవలెను. విడిగా కలిపి పారవేసినచో ఆ చెత్త నేరు సోదరి చేయి తెగును.