‘అనుసంధానం కాలేదు’ – ఒకే ఫిర్యాదు, నాలుగు కారణాలు

దోహాలో సాయంకాలం నాలుగున్నర అయ్యేసరికి హైదరాబాదులో ఏడు గంటలవుతుంది. తెలుగు వార్తలూ, ధారావాహికలూ జోరందుకునే వేళ అది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఉద్యోగస్తులు చాలామంది ఆ సమయానికి ఇంకా ఇల్లు చేరరు. పిల్లలు తమ చదువుల్లో ఉంటారు. స్వదేశం నుంచి వచ్చి కొన్ని నెలలపాటు మన వద్ద ఉండే తల్లిదండ్రులకు మాత్రం తెలుగు మాట వినిపించే తోడు టెలివిజన్ ఒక్కటే. ఆ టెలివిజన్ వెనుక తగిలించిన బొటనవ్రేలంత స్ట్రీమింగ్ పరికరం ఒకనాడు హఠాత్తుగా ‘వైఫైతో అనుసంధానం కాలేదు’ అని ప్రకటించి ఊరుకుంటే, ఆ పూట ఇల్లు మూగబోయినట్లే.

అటువంటి సమయంలో మనం సాధారణంగా చేసే పని ఏమిటి? కనబడిన మీటలన్నీ నొక్కడం, తీగలన్నీ పీకి మళ్ళీ పెట్టడం, రహస్యపదం మార్చడం, చివరకు పరికరం చెడిపోయిందని తీర్మానించి కొత్తది కొనడం. ఈ విధంగా చెత్తబుట్ట పాలైన పరికరాలలో ఏ లోపమూ లేనివి అనేకం ఉంటాయి. లోపం పరికరంలో కాక, మరెక్కడో ఉంటుంది. ఆ ‘మరెక్కడో’ను క్రమపద్ధతిలో వెదకి పట్టుకోవడం ఎట్లాగో వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

లవణ విశ్లేషణ నేర్పే పాఠం

కళాశాలలో రసాయన శాస్త్రం చదివిన వారందరికీ లవణ విశ్లేషణ గుర్తుండే ఉంటుంది. చేతికిచ్చిన తెల్లని పొడిలో ఏ లోహముందో ఊహించి చెప్పము. మొదట సజల హైడ్రోక్లోరికామ్లం కలుపుతాము. అవక్షేపం ఏర్పడితే సీసం, వెండి మొదలైన మొదటి వర్గపు లోహాలు ఉన్నట్లు. ఏర్పడకపోతే ఆ వర్గాన్ని పక్కకు పెట్టి రెండవ వర్గానికి పోతాము. కారకాలన్నీ ఒకేసారి గుమ్మరిస్తే ఏ అవక్షేపం దేనివల్ల వచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

వైఫై విషయంలోనూ ఇదే సూత్రం. పరికరం తెరపై చూపే సందేశం ఒక్కటే అయినా, దాని వెనుక వరుసగా నాలుగు ప్రశ్నలున్నాయి. తరంగం చేరుతున్నదా? తాళానికి చెవి సరిపోయిందా? చిరునామా దొరికిందా? ఇంటి గడప దాటి బయటి లోకాన్ని అందుకున్నదా? ఈ క్రమాన్ని తప్పకుండా, ఒకసారికి ఒకే మార్పు చేస్తూ పోతే సాధారణంగా అరగంటలో కారణం బయటపడుతుంది.

అన్నిటికంటే ముందు ఒక ప్రాథమిక పరీక్ష ఉన్నది. చేతిఫోనులో మొబైల్ డేటాను ఆపి, ఇంటి వైఫై మీదనే ఉంచి, టెలివిజన్ పక్కన నిలబడి ఏదైనా వీడియో చూడండి. ఫోనులోనూ రాకపోతే లోపం రౌటర్‌దో, ఇంటికి సేవలందించే సంస్థదో అవుతుంది. పరికరం జోలికి పోనవసరం లేదు. ఫోనులో చక్కగా వస్తే, ముందు రౌటర్‌ను విద్యుత్తు నుంచి ఒక నిమిషం తప్పించి మళ్ళీ పెట్టండి. దాని దీపాలు నిలకడగా వెలిగిన తరువాత పరికరాన్ని కూడా అట్లాగే చేయండి. ఇది మంత్రం కాదు. వాటి స్మృతిలో చిక్కుకుపోయిన పాత లెక్కలు చెరిగిపోయి, సంభాషణ మొదటినుంచీ ఆరంభమవుతుంది. అప్పటికీ ఫలితం లేకపోతే ప్రశ్నలను వరుసగా తీసుకుందాం.

మొదటి ప్రశ్న: తరంగం చేరుతున్నదా?

మన ఇళ్ళలోని వైఫై ప్రధానంగా రెండు పౌనఃపున్య పట్టీలలో పనిచేస్తుంది. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగపు పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్‌జ్ తరంగపు పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. రెండవది ఎక్కువ సమాచారాన్ని మోయగలదు కాని, గోడలను దాటడంలో మొదటిదానికంటే బలహీనమైనది. ఖతార్‌లోని ఇళ్ళు ఎక్కువగా సిమెంటు దిమ్మెలతోను, ఇనుప చువ్వల కాంక్రీటుతోను కట్టినవి. పెద్ద విల్లాను భాగాలుగా విడదీసి అద్దెకిచ్చిన చోట రౌటర్ ఒక భాగంలో, టెలివిజన్ మరొక భాగంలో ఉండటమూ కద్దు. తరంగం రెండు మూడు గోడలు దాటేసరికి నీరసించిపోతుంది.

ఆ నీరసాన్ని కొలిచే మానం డెసిబెల్. సంకేత బలం మైనస్ 50 ఉంటే మిక్కిలి బాగున్నట్లు. మైనస్ 70 ఉంటే అంతంత మాత్రం. మైనస్ 80కి పడిపోతే అనుసంధానం నిలవడం కష్టం. ప్రతి 10 డెసిబెల్‌లకూ శక్తి పదో వంతుకు తగ్గుతుంది గనుక, 50కీ 80కీ నడుమ తేడా వెయ్యి రెట్లు! తెరమీద ఒకటి రెండు గీతల తేడాగా కనిపించేది నిజానికి ఇంత పెద్ద అంతరం.

గోడలే కాదు, లోహం కూడా శత్రువే. పరికరాన్ని టెలివిజన్ వీపుకు అంటించినట్లు తగిలిస్తే లోపలి లోహపు పలక దానికి కవచమై తరంగాన్ని అడ్డుకుంటుంది. అద్దం వెనుక ఉండే లోహపు పూత తరంగాన్ని పరావర్తనం చేస్తుంది. చేపల తొట్టిలోని నీరు తరంగశక్తిని పీల్చుకుంటుంది. నీటి అణువుకు ధ్రువత్వం ఉండటమే దీనికి హేతువు. మైక్రోవేవ్ పొయ్యి అన్నం వేడిచేసేది కూడా ఈ గుణం ఆధారంగానే. ఆ పొయ్యి 2.45 గిగాహెర్ట్‌జ్ వద్ద పనిచేస్తుంది. అటువంటి ఉపకరణాలకు కేటాయించిన పట్టీలో లైసెన్సు లేకుండా సమాచార ప్రసారానికి కూడా 1985లో అమెరికా అనుమతించింది. 1997లో తొలి వైఫై ప్రమాణం వెలువడింది. అందుకే వంటింట్లో పొయ్యి తిరుగుతున్నంతసేపూ హాలులో బొమ్మ ఆగి ఆగి రావడం తటస్థిస్తుంది.

నివారణ సులభం. పరికరానికి ఒక చిన్న హెచ్‌డిఎంఐ పొడిగింపు తీగ తగిలించి, టెలివిజన్ అంచు దాటి బయటికి వచ్చేట్లు వేలాడదీయండి. రౌటర్‌ను నేలమీదనో, అలమరలోనో కాక ఎత్తున, ఆరుబయట ఉంచండి. దూరపు గదికి 2.4 పట్టీని, అదే గదిలో ఉంటే 5 పట్టీని వాడండి. పాత పరికరాలు కొన్ని 2.4 పట్టీని మాత్రమే గుర్తిస్తాయి. అమెరికా విపణి కోసం తయారైన కొన్ని పరికరాలు 2.4 పట్టీలోని 12, 13 వాహికలను వినవు. రౌటర్ అమరికలో 1, 6, 11 వాహికలలో ఒకదానిని ఎంచుకుంటే ఈ చిక్కు ఉండదు.

ఇదే సందర్భంలో ఆహారం సంగతి కూడా చూడాలి. పరికరానికి కూడా ఆహారం కావాలి గదా! టెలివిజన్‌లోని సాధారణ యుఎస్‌బి రంధ్రం 5 వోల్టుల వద్ద అర ఆంపియరు విద్యుత్తునే ఇస్తుంది; అనేక పరికరాలకు ఒక ఆంపియరు కావాలి. కడుపు నిండని పరికరం వెలుగుతుంది కాని, రేడియో పనిచేయవలసిన క్షణంలో సొమ్మసిల్లుతుంది. దానితో పాటు ఇచ్చిన అడాప్టర్‌నే గోడకు తగిలించడం ఉత్తమం.

రెండవ ప్రశ్న: తాళానికి చెవి సరిపోయిందా?

తరంగం బాగా చేరుతున్నా పరికరం లోపలికి పోలేకపోతే అనుమానించవలసినది రహస్యపదాన్ని. రిమోట్‌తో ఒక్కొక్క అక్షరం ఏరి కొట్టేటప్పుడు సున్నాకూ ఆంగ్ల ‘ఓ’ అక్షరానికీ, పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా జారిపోవడం అతి సామాన్యం.

వేసవి సెలవులకు ఊరికి పోయి వచ్చిన తరువాతనో, ఇల్లు మారిన తరువాతనో, సేవాసంస్థ పాత రౌటర్ తీసుకొని కొత్తది అమర్చిన తరువాతనో ఈ బాధ ఎక్కువగా కనబడుతుంది. కొత్త రౌటర్‌కు కొత్త పేరు, కొత్త రహస్యపదం ఉంటాయి. పరికరం మాత్రం పాత పేరునే వెదుకుతూ ఉంటుంది. దీనికొక చక్కని ఉపాయం కలదు. కొత్త రౌటర్‌కు పాత పేరునూ, పాత రహస్యపదాన్నీ అక్షరం పొల్లుపోకుండా పెట్టండి. ఇంట్లోని పరికరాలు సాధారణంగా తమంతట తామే వచ్చి కలుస్తాయి.

రక్షణ పద్ధతి కూడా ముఖ్యమే. 2004లో వచ్చిన డబ్ల్యూపిఎ2 అనే పద్ధతి పాత పరికరాలకు పరిచయమే. 2018లో ప్రకటించిన డబ్ల్యూపిఎ3 వాటిలో చాలావాటికి తెలియదు. కొత్త రౌటర్ మూడవదాన్ని మాత్రమే అంగీకరించేట్లు అమర్చి ఉంటే పాత పరికరం గుమ్మం దగ్గరే నిలిచిపోతుంది. రెండింటినీ అంగీకరించే మిశ్రమ అమరికకు మార్చితే సరిపోతుంది. అంతేకాని, ‘ఎందుకొచ్చిన గొడవ’ అని రహస్యపదాన్నే తీసివేయడం తగదు. అట్లా చేస్తే ఆ ప్రాంగణంలోని ప్రతివారూ మీ పేరున ఉన్న అనుసంధానాన్ని వాడుకోగలుగుతారు. వారేమి చేసినా ముందు ప్రశ్నించేది మిమ్మల్నే.

మూడవ ప్రశ్న: చిరునామా దొరికిందా?

లోపలికి వచ్చిన ప్రతి పరికరానికీ రౌటర్ ఒక సంఖ్యా చిరునామా కేటాయిస్తుంది. ఇళ్ళలో అది తరచుగా 192.168తో మొదలవుతుంది. పరికరపు నెట్‌వర్క్ వివరాలలో 169.254తో మొదలయ్యే సంఖ్య కనబడితే, రౌటర్ నుంచి జవాబు రాక అది తనకు తానే ఒక చిరునామా కల్పించుకున్నదని అర్థం. రౌటర్‌ను తిరిగి ప్రారంభించడం ఈ దశలోనే అసలైన మందు.

కొందరు సంస్థలు ఇచ్చిన వసతి గృహాలలో నివసిస్తారు. అక్కడి వైఫై కొన్నిచోట్ల ముందుగా ఒక పుట తెరచి పేరూ, గది సంఖ్యా అడుగుతుంది. ఆ పుటను చూపలేని పరికరం జవాబు చెప్పలేక నిలిచిపోతుంది. అటువంటి చోట నిర్వాహకులకు పరికరపు గుర్తింపు సంఖ్య ఇచ్చి నమోదు చేయించుకోవడమే మార్గం.

నాల్గవ ప్రశ్న: గడప దాటిందా?

తరంగమూ, తాళమూ, చిరునామా అన్నీ సరిగా ఉన్నా పరికరం పనిచేయకపోవచ్చును. అటువంటప్పుడు దాని గడియారం చూడండి. ఇంటర్నెట్‌లో ఒక యంత్రం మరొకదానిని నమ్మడానికి డిజిటల్ ధ్రువపత్రాలు చూసుకుంటుంది. ప్రతి పత్రానికీ ఆరంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. పరికరంలో తేదీ తప్పుగా ఉంటే, చెల్లే పత్రం కూడా దానికి చెల్లనిదిగా కనబడుతుంది.

కొన్నిసార్లు పత్రానికే నిజంగా కాలం చెల్లుతుంది. 2025 మార్చి 9వ తేదీన ఇదే జరిగింది. గూగుల్ సంస్థ 2015లో విడుదల చేసిన రెండవ తరం క్రోమ్‌కాస్ట్ పరికరాలు ప్రపంచమంతటా ఒకేసారి మొరాయించాయి. వాటిలోని పదేళ్ళ ధ్రువపత్రం గడువు ముగియడమే కారణం. ఆ ఇళ్ళలో వైఫైకి ఏ లోపమూ లేదు. పరికరాన్ని మొదటి స్థితికి చెరిపివేయవద్దని సంస్థ ప్రత్యేకంగా హెచ్చరించింది. ఓపిక పట్టిన వారి పరికరాలు కొద్ది రోజులలో సవరణ అందుకొని తిరిగి పనిచేశాయి. తొందరపడి చెరిపివేసిన వారు వాటిని మళ్ళీ అమర్చుకోలేక ఇంకా కొన్నాళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది.

కనుక, ‘అంతా చెరిపివేయుట’ అన్నది చివరి ఆయుధం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోరాదు. దానికంటే ముందు ఒక నిర్ణాయక పరీక్ష చేయవచ్చును. ఫోనులోని హాట్‌స్పాట్‌ను తెరచి పరికరాన్ని దానితో కలపండి. కలిసి పనిచేస్తే పరికరం నిర్దోషి; లోపం ఇంటి రౌటర్‌ది. కలవకపోతే పరికరాన్నే శంకించాలి. ఎండాకాలంలో శీతలయంత్రం ఆపిన గదిలో, మూసిన అలమరలో ఉన్న పరికరం అతిగా వేడెక్కి ఉండవచ్చు. చల్లారనిచ్చి మళ్ళీ ప్రయత్నించండి. అదీ ఫలించకపోతే అప్పుడు చెరిపివేయండి.

చివరగా ఒక సూచన. ఈ నాలుగు ప్రశ్నలనూ, మీ వైఫై పేరునూ, రహస్యపదాన్నీ పెద్ద తెలుగు అక్షరాలలో ఒక కాగితం మీద వ్రాయండి. రహస్యపదంలోని ఆంగ్లాక్షరాలను మాత్రం ఉన్నవి ఉన్నట్లే, పెద్దవీ చిన్నవీ స్పష్టంగా తెలిసేట్లు వ్రాయండి. వచ్చేపోయే వారి కంటబడకుండా టెలివిజన్ కింది అరలో ఆ కాగితాన్ని ఉంచి, ఒక సెలవురోజున అమ్మగారి చేతనో, మామగారి చేతనో ఆ క్రమాన్ని ఒకసారి చేయించండి. పంచాంగం చూసి తిథివార నక్షత్రాలు లెక్కగట్టగలిగిన వారికి రౌటర్ దీపాలు ఒక లెక్క కాదు. మీరు కార్యాలయంలో ఉన్న వేళ ‘టీవీ రావడం లేదు నాయనా’ అని వచ్చే ఫోనుకు బదులు, ‘నేనే బాగుచేసుకున్నాను’ అనే మాట వినబడుతుంది.