మీకు తెలుసా? ఈ సెలవుల్లో పిల్లల్ని ఇటు తిప్పండి!

సెలవులొచ్చాయి! పిల్లలు ఫోన్లు పట్టుకున్నారు. మీరు తల పట్టుకున్నారు! అయితే ఇలా దగ్గరికి రండి, ఓ రహస్యం చెబుతా. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఈ 3 జిల్లాల్లో ఉన్న వింతలు తెలిస్తే ఊటీ టికెట్లు క్యాన్సిల్ చేస్తారు!

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్తుంటే జనగామకు కాస్త ముందే పెంబర్తి వస్తుంది. కారు ఆపండి! రోడ్డు పక్కన మెరిసే ఇత్తడి దుకాణాలు చూసి వెనక్కి వచ్చేయకండి. పనివాళ్ల దగ్గరికి వెళ్లండి. టక్ టక్ అని సుత్తి చప్పుడు వినిపిస్తుంది. పల్చటి ఇత్తడి రేకును లక్క మీద అతికిస్తారు. చిన్న ఉలి ఆనించి కొడతారు. ఎటువైపు? వెనకవైపు! బొమ్మ ఉబికేది మాత్రం ముందువైపు! కొట్టేవాళ్లకు బొమ్మ అంతా తలకిందుల లెక్కే. అయినా గీత తప్పదు! గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు తొడుగులు చేసేది ఈ చేతులే. కేంద్ర పర్యాటక శాఖ 2023లో దేశంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో పెంబర్తినీ ఎంపిక చేసింది! పిల్లలు ఓ దెబ్బ వేస్తామంటారు. మర్యాదగా అడిగి చూడండి, పోయేదేముంది!

పిల్లల తెలుగు వాచకంలో పాల్కురికి సోమనాథుడు ఉన్నాడా? బమ్మెర పోతన ఉన్నాడా? ఇద్దరూ ఇరుగుపొరుగు ఊళ్లవాళ్లు! పాలకుర్తి, బమ్మెర... రెండూ జనగామ జిల్లాలో, ఒకే మండలంలో! పోతన దున్నిన పొలం ఇదేనని బమ్మెరవాళ్లు చూపిస్తారు. ఒంటిమిట్టవాళ్లు వింటే పోతన మావాడేనని కొట్లాటకొస్తారు. అందుకే గొంతు తగ్గించి చెబుతున్నా!

రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌కు వెళ్లండి. అక్కడో కోట. కట్టింది రాజు కాదు! కల్లుగీత కుటుంబంలో పుట్టిన సర్వాయి పాపన్న! కోట కట్టి ఊరుకున్నాడా? 1708లో ఏకంగా ఓరుగల్లు మీదే పడ్డాడు! అదీ మొఘలుల పాలనలో!

ఇంకో మాట. అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ దక్కన్ చరిత్రను 8 మంది జీవితాలతో చెప్పాడు. అందులో ఒకరు మన పాపన్న! కోట బురుజు పక్కన నిలబడి ఈ సంగతి చెప్పండి, పిల్లల కళ్లు చూడండి!

ఇక మహబూబాబాద్ జిల్లాకు రైలెక్కండి! కాజీపేట-విజయవాడ దారిలో డోర్నకల్ జంక్షన్‌లో దిగండి. అక్కడి చర్చి చూసి పిల్లలు తికమకపడతారు. గుమ్మటాలు చూస్తే మసీదు. స్తంభాలు చూస్తే గుడి మండపం. లోపల శిలువ! 1939 జనవరిలో ప్రారంభమైన కెథడ్రల్ ఇది. మూడు మతాల శిల్పరీతులు ఒకే కప్పు కింద!

దీన్ని కట్టించిన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఎవరో తెలుసా? ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్! అదీ 1912లో, తెల్లదొరలు రాజ్యమేలుతున్న రోజుల్లో! అంతటి పదవికి పీఠం కలకత్తా కాదు, మద్రాసు కాదు. మన డోర్నకల్!

రాజులు తవ్వించిన చెరువులు బోలెడు చూశాం. ఆడపడుచు తవ్వించిన చెరువు చూశారా? బయ్యారం వెళ్లండి! కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించింది. సుమారు 800 ఏళ్లనాటిది, ఇప్పటికీ చెరువే! అసలు విశేషం ఇంకోటుంది. కాకతీయుల వంశక్రమం చరిత్రకారులకు దొరికింది ఈ చెరువు శాసనంలో! తాతముత్తాతల పేర్లు రాయించి పెట్టింది ఆ ఇంటి ఆడబిడ్డే!

గూడూరు మండలం అడవిలో భీముని పాదం జలపాతం ఉంది. 70 అడుగుల పైనుంచి నీళ్లు దూకుతాయి! ఎండాకాలం సెలవుల్లో మాత్రం వెళ్లకండి, రాయి తప్ప ఏమీ కనిపించదు! దసరా సెలవులైతే పండగే.

ఇప్పుడు అసలు నిధి! భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో పాండవుల గుట్టలున్నాయి. హిమాలయాలు పైకి లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. ఈ గుట్టల ఇసుకరాయి అంతకంటే ఎంతో పాతది! ఎవరెస్టు ఇంకా పుట్టనే లేదు, మన రేగొండ రాయి అప్పటికే ముసలిది!

గుట్ట ఎక్కి, రాతి చూరు కింద తల పైకెత్తండి. ఎర్రటి గీతలు! దుప్పి, అడవిదున్న, చిరుతపులి! బడి లేని, పలక లేని కాలపు మనిషి వేసిన బొమ్మలు! ఇవి బయటి లోకానికి తెలిసింది 1990లోనే. వేల ఏళ్లు వానకు తడవలేదు, ఎండకు వెలిసిపోలేదు. కొన్నిచోట్ల బొమ్మలు మనిషి చేతికి అందనంత ఎత్తులో ఉన్నాయి. ఎలా వేశారు? ఈ ప్రశ్న పిల్లలకే వదిలేయండి, గంటసేపు కొట్టుకుంటారు! మంచినీళ్లు పట్టుకెళ్లండి, దారి తెలిసిన ఊరివాళ్లను తోడు తీసుకోండి. బొమ్మల మీద చెయ్యి మాత్రం వెయ్యనివ్వకండి!

రామప్ప గుడి అందరూ చూసేదే. కోటగుళ్లు చూశారా? గణపురంలో ఒకే ప్రాకారంలో 22 గుళ్లు! ఒక మూల కూలిన రాళ్లు, ఇంకో మూల చెక్కుచెదరని శిల్పం. ఏనుగు మీద సింహం, ఆ సింహం సగం మనిషి! కోటగుళ్లకు రద్దీ తక్కువ. నా ఓటు అయితే దీనికే!

అదే గణపురం మండలంలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. సామర్థ్యం 1,100 మెగావాట్లు! పొగగొట్టాలు దూరం నుంచే కనిపిస్తాయి.

పిల్లల్ని అడగండి: డైనోసార్ ముందా, బొగ్గు ముందా? అందరూ డైనోసారే అంటారు. తప్పు! భూపాలపల్లి గనుల్లో సింగరేణి తవ్వే బొగ్గుకు 25 కోట్ల ఏళ్లు పైనే! మొదటి డైనోసార్ గుడ్డు పగలకముందే ఆ చెట్లు మట్టిలో కలిసిపోయాయి!

సంక్రాంతి తర్వాత వెళ్తే మిరపచేలు ఎర్రగా ఉంటాయి. చపాటా మిర్చి అడగండి! చూస్తే టమాటా. రంగు నిప్పు. కారం మాత్రం తక్కువే! 2025లో జీఐ గుర్తింపు కూడా కొట్టేసింది!

కాళేశ్వరం గుడిలో ఒకే పానవట్టం మీద 2 లింగాలు! ఒకటి యముడిది, ఇంకోటి శివుడిది! బయటికొస్తే గోదావరిలో ప్రాణహిత కలిసే చోటు కనిపిస్తుంది.

ఇక వంతెన దాటండి. అవతల మహారాష్ట్ర, సిరోంచ. ఆ ప్రాంతంలో పోచంపల్లి అని ఓ ఊరు. చీరల పోచంపల్లి కాదు! ఇక్కడ నేయలేదు, తవ్వారు! సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. బరపాసారస్ అనే భారీ డైనోసార్! దానికి ఎవరి పేరు పెట్టారో ఊహించండి... రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు! తవ్వకాలు మొదలైంది ఆయన శతజయంతి ఏడాదిలో మరి!

ఆ ఎముకలు కలకత్తా వెళ్లిపోయాయి. నిరాశపడకండి! ప్రాణహితకు ఇవతలి ఒడ్డున, మన తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర ఇంకో డైనోసార్ దొరికింది. దాని పేరు కోటాసారస్. 840 ఎముకలు తవ్వితీశారు! వాటితో నిలబెట్టిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. తిరుగు ప్రయాణంలో ఇంటికి పోయేముందు అక్కడో హాల్టు వేయండి!