కడుపుతో ఉన్నప్పుడు నడుము నొప్పి

కడుపుతో ఉన్న ఆడవాళ్లలో దాదాపు సగం మందికి నడుములోనో, దాని కింది కటి ఎముకల దగ్గరో నొప్పి పుడుతుంది. పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2004లో వెలువడిన ఒక సమీక్ష ఈ లెక్కను సుమారు 45 శాతంగా తేల్చింది. కాన్పు తర్వాత కూడా నొప్పి ఉండేది దాదాపు 25 శాతం మందికి. ఇంతమందికి వచ్చేది కాబట్టే, కడుపన్నాక ఈ మాత్రం ఉండదా అని ఇంట్లో కొట్టిపారేస్తారు. నిజానికి ఈ నొప్పిని తగ్గించే మార్గాలున్నాయి. అవి ఖర్చుతో కూడినవీ కావు.

నొప్పి రెండు రకాలు. ఒకటి నడుము మధ్యలో, పక్కటెముకలకు దిగువన వచ్చేది. బాగా వంగినా, చాలాసేపు నిలబడినా ఇది ఎక్కువవుతుంది. రెండోది కటి నొప్పి. పిరుదుల పైన గుంటలు పడే చోట గానీ, ముందువైపు పొత్తికడుపు కింద రెండు ఎముకలు కలిసే చోట గానీ ఇది పొడిచినట్టు వస్తుంది. గర్భిణుల్లో ఐదుగురిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. పక్క మీద అటు నుంచి ఇటు తిరగడం, మెట్లెక్కడం, ఆటోలోకి కాలు ఎత్తిపెట్టడం, ఒంటికాలి మీద నిలబడి బట్టలు వేసుకోవడం ఈ నొప్పిని బయటపెడతాయి. తొడ వెనక నుంచి మోకాలి దాకా లాగినట్టున్నా అది నరం నొక్కుకుపోవడం వల్ల కావడం అరుదు.

కారణాల్లో మొదట చెప్పుకునేది రిలాక్సిన్ అనే హార్మోన్. 1926లో అమెరికన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హిసా గినీ పందుల మీద చేసిన ప్రయోగాల్లో దీని జాడ దొరికింది. బిడ్డ బయటకు రావడానికి వీలుగా కటి కీళ్ల బంధనాలు కడుపుతో ఉన్నప్పుడు దీనివల్ల వదులవుతాయి. ముందు ఎముకల మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. అయితే రిలాక్సిన్ ఎక్కువున్న ప్రతి ఒక్కరికీ నొప్పి రాదు. పొట్ట ముందుకు పెరిగి నడుము లోపలికి వంగడం, పొట్ట కండరాలు సాగి పట్టు తగ్గడం, గతంలో నడుము నొప్పి ఉండటం, బరువు పనులు... అన్నీ కలిసి నొప్పిని తెస్తాయి.

వనపర్తి జిల్లా గోపాల్‌పేట లాంటి మండలాల్లో ఈ చివరి కారణం పెద్దది. వరి నాట్లు గంటల తరబడి నడుం వంచి చేసే పని. పల్లి చేలో కలుపు తీయడం, కాయలు కోయడం గొంతుకూర్చుని చేసేవి. పక్కనున్న గద్వాల ప్రాంతపు సీడు పత్తిలో క్రాసింగ్ పని పొద్దంతా నిలబడి, మొక్క మొక్కకూ వంగుతూ సాగుతుంది. ఇంటికొస్తే చంకన నీళ్ల బిందె, లేదంటే పెద్ద బిడ్డ. ఒకే పక్క బరువు మోయడం వదులైన కీళ్లకు మరీ చేటు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్ పథకంలో ఆడబిడ్డ పుడితే 13,000, మగబిడ్డ పుడితే 12,000 రూపాయలు ఇచ్చేవారు; గర్భిణి పోగొట్టుకునే కూలిని కొంతైనా పూడ్చడమే దాని ఉద్దేశం. విశ్రాంతి తీసుకొమ్మని సలహా ఇవ్వడం తేలిక. కూలి లేని రోజు ఇల్లు ఎలా గడుస్తుందో చూడకుండా ఇచ్చే సలహాకు విలువ లేదు.

పని పూర్తిగా మానలేనప్పుడు పని తీరు మార్చుకోవచ్చు. వంగి చేసే పనినీ నిలబడి చేసే పనినీ మారుస్తూ మధ్యలో కాసేపు కూర్చోవాలి. నిండు బిందె బదులు సగం నీళ్లు రెండు చేతులా మోయాలి. గొంతుకూర్చుంటే నొప్పి పెరిగే వాళ్లకు చిన్న పీట మేలు. పడుకునేటప్పుడు ఒక పక్కకు ఒరిగి మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. లేచేటప్పుడు రెండు మోకాళ్లూ దగ్గర చేర్చి పక్కకు తిరిగి, చేతుల ఊతంతో లేవాలి. మంచం పట్టడం వల్ల కండరాలు ఇంకా బలహీనపడతాయి కాబట్టి నొప్పి పెంచని నడక, ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు మంచివి. నడుము బెల్టు కొందరికి ఉపశమనమిస్తుంది.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ బిళ్లల జోలికి మాత్రం వెళ్లకూడదు. అయిదో నెల నుంచి అవి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీరు తగ్గించగలవు, ఏడో నెల దాటాక బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. పారాసిటమాల్ అయినా డాక్టరు చెప్పిన మోతాదులోనే.

నొప్పి ఆగి ఆగి వస్తూ పొట్ట గట్టిపడుతుంటే నెలలు నిండకముందే కాన్పు మొదలైందేమో చూడాలి. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, జ్వరంతో పాటు మూత్రంలో మంట, ఒక కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం ఆపుకోలేకపోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కటి నొప్పి ఒక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు. మోకాళ్లు మరీ ఎడం చేయకుండా, పక్కకు ఒరిగి గానీ మోకాళ్ల మీద వంగి గానీ మామూలు కాన్పు కావచ్చు. కటి నొప్పి ఉన్న సంగతి ముందే డాక్టరుకో నర్సుకో చెప్పి ఉంచాలి. ఆపరేషన్‌లో వెన్నుకు ఇచ్చే మత్తు సూదే ఏళ్ల తరబడి నడుము నొప్పికి మూలమని చాలామంది నమ్ముతారు గానీ, అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. కాన్పయ్యాక ఎక్కువమందికి కొన్ని నెలల్లోనే నొప్పి సర్దుకుంటుంది. మూడు నెలలైనా తగ్గకపోతే బాలింత మళ్లీ చూపించుకోవాలి.