కన్ను ఎర్రబడ్డాక లెక్కపెట్టాల్సిన రోజులు

మహానంది కోనేట్లో మునిగి ఇంటికొచ్చిన వారానికి పిల్లాడి కళ్లు ఎర్రబడితే పెద్దవాళ్లు ‘నీళ్లు పడలేదు’ అంటారు. లేదంటే ఎవరి కళ్లలోకి చూశాడోనని ఆరా తీస్తారు. చూపుతో కండ్లకలక అంటదు. అడగాల్సింది మూడే: ఎన్నాళ్ల కిందట అంటుకుని ఉంటుంది? జ్వరం, దగ్గు ఉన్నాయా? తట్టు టీకా పడిందా?

1 - 2 రోజులు: రోగితో మెలిగిన మర్నాడో ఆ మర్నాడో కళ్లు గరగరలాడి తెల్లగుడ్డు నెత్తురులా మారితే, ఎంటెరోవైరస్ తరహాదని అనుమానించాలి. మనిషిని కంగారు పెట్టినా ఎక్కువగా కంటితోనే ఆగిపోతుంది.

5 - 12 రోజులు: ఎడినోవైరస్ తీరు వేరు. కంటి ఎరుపుతోపాటు గొంతునొప్పి, జ్వరం, చెవి ముందు చిన్న గడ్డ కనిపిస్తాయి. క్లోరిన్ సరిగా కలపని ఈతకొలనుల నుంచి ఇది పాకిన సందర్భాలు వైద్యశాస్త్రానికి బాగా తెలుసు. మహానందిలో ఊట ఆగదు, నీరు పారుతూనే ఉంటుంది. అయితే స్నానం తర్వాత ఒకే తుండుతో నలుగురూ మొహం తుడుచుకుంటే పారే నీరు కాపాడలేదు. పొడి వస్తువుల మీద ఈ వైరస్ వారాల తరబడి బతుకుతుంది. శానిటైజర్ కంటే సబ్బుతో కడుక్కోవడమే మేలు.

10 - 12 రోజులు: భయపడాల్సింది తట్టుకు. జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రకళ్లు ముందొస్తాయి. ఒంటిమీద దద్దుర్లు ఆ తర్వాత 3 - 5 రోజులకు గానీ రావు. రోగి మాత్రం దద్దుర్లకు 4 రోజుల ముందునుంచే వ్యాధిని అంటిస్తుంటాడు. అంటే ‘కండ్లకలకేలే’ అని బడికి పంపిన రోజుల్లోనే తరగతి మొత్తానికీ పాకుతుంది. టీకా లేనివాళ్లు దగ్గరగా మెలిగితే 10 మందిలో 9 మందికి సోకుతుంది. మన టీకా పట్టికలో 9 - 12 నెలలకు ఒక డోసు, 16 - 24 నెలలకు రెండోది.

కన్నెందుకు ముందు? కన్నీరు కంటి మూలనున్న సన్నటి గొట్టం గుండా ముక్కులోకి దిగుతుంది. కంటికీ శ్వాసమార్గానికీ దారి అదే. పైగా పక్షి ఫ్లూ వైరస్‌లు పట్టుకునే రకం గ్రాహకాలు కంటిపొర మీద ఎక్కువ. 2003లో నెదర్లాండ్స్‌లో హెచ్7ఎన్7 సోకిన 89 మందిలో 78 మందికి కండ్లకలక తప్ప మరో లక్షణం లేదు. 2024లో అమెరికాలో హెచ్5ఎన్1 సోకిన 46 మందిపై వచ్చిన అధ్యయనంలో 93 శాతానికి కళ్లు ఎర్రబడ్డాయి, జ్వరం సగం మందికే వచ్చింది. మన పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప 2025లో హెచ్5ఎన్1తో చనిపోయింది. కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లు ఎర్రకన్నును తేలిగ్గా తీసుకోకూడదు.

కోవిడ్ లెక్క తిరగబడి ఉంటుంది. 2020లో చైనాలో 1,099 మంది రోగులను పరిశీలిస్తే కంటి ఎరుపు కనిపించింది 9 మందిలోనే. కన్ను ఒక్కటే చూసి కోవిడ్ అనుకోనక్కర్లేదు.

2023 జులై, ఆగస్టుల్లో ఏపీ, తెలంగాణల్లో కండ్లకలక ఊళ్లను చుట్టినప్పుడు మందుల దుకాణాల్లో చుక్కల మందుకు గిరాకీ పెరిగింది. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. డాక్టరు రాయకుండా స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎడినోవైరస్ మరిన్నాళ్లు కంట్లోనే తిష్ఠ వేయొచ్చు. నందివర్ధనం పూలు కళ్లపై పెట్టడం, చనుబాలు పోయడం కూడా మానాలి.

చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, కన్ను బాగా నొప్పెట్టినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎర్రకన్నుతో జ్వరం, దగ్గు కలిస్తే పిల్లల డాక్టరుకు టీకా కార్డు చూపించి, గత రెండు వారాల్లో ఎక్కడికి వెళ్లిందీ, ఎవరితో మెలిగిందీ చెప్పాలి. చుక్కల మందు కొనేలోపే చేయాల్సిన పని ఇది.