కూతగాడు వెళ్లిపోయాక కుదురుకున్న జట్టు

రూ. 2.60 కోట్ల ఆటగాడిని వదులుకున్న తెలుగు టైటాన్స్
మూడేళ్లు అట్టడుగున... 2025లో ఫైనల్ గడప వరకు

విశాఖపట్నం: అది 2025 ఆగస్టు 29వ తేదీ రాత్రి. విశాఖ ఇండోర్ స్టేడియంలో ప్రొ కబడ్డీ లీగ్ పన్నెండో సీజన్‌కు తెర లేచింది. ఏడేళ్ల తరువాత ఈ పోటీలు మళ్లీ సాగర తీరానికి వచ్చాయి. ఒక వైపు తెలుగు టైటాన్స్, మరో వైపు తమిళ్ తలైవాస్. అయితే అభిమానుల కళ్లన్నీ తలైవాస్ కెప్టెన్ మీదే నిలిచాయి. అతడు పవన్ సెహ్రావత్. అంతకుముందు రెండు సీజన్లు టైటాన్స్ చొక్కా తొడుక్కుని తెలుగువారి తరఫున కూతకు వెళ్లినవాడు. ఆ రాత్రి ఎదుటి జట్టు నాయకుడిగా బరిలోకి దిగాడు.

ఆ మ్యాచ్‌లో టైటాన్స్ 35-38 తేడాతో ఓడింది. మరునాడు యూపీ యోధాస్ చేతిలోనూ ఓటమి తప్పలేదు. ఉన్న ఒక్క మొనగాడినీ పోగొట్టుకున్న జట్టు ఇంకేం గెలుస్తుందని పెదవి విరిచిన వారు లేకపోలేదు. కానీ రెండు నెలలు తిరిగేసరికి కథ మారింది. అదే టైటాన్స్ ఫైనల్‌కు ఒక్క మెట్టు దూరంలో నిలిచింది. పెద్ద ఆటగాడు వెళ్లిపోయాక జట్టు కుప్పకూలక, కుదురుకోవడం ఎలా సాధ్యమైందన్నది తెలుసుకోదగ్గ విషయం.

ఒకసారి కాదు, రెండుసార్లు

పెద్ద ఆటగాడిని వదులుకోవడం టైటాన్స్‌కు కొత్త కాదు. 2014లో లీగ్ మొదలైనప్పుడు ఈ జట్టుకు విశాఖే సొంత వేదిక. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లా నుంచి వచ్చిన రాహుల్ చౌదరి అప్పుడు జట్టుకు ప్రాణం. లీగ్‌లో 500 రైడ్ పాయింట్లు మొట్టమొదట దాటింది అతనే. టీవీ ఉన్న ప్రతి ఊళ్లోనూ కుర్రకారు అతడి పేరు జపించారు. అతడి ఆట మీదనే 2015లోను, 2016లోను టైటాన్స్ సెమీ ఫైనల్ దాకా వెళ్లింది.

ఆరు సీజన్లు ఆడాక 2019లో రాహుల్ వేలంలోకి వెళ్లాడు. తమిళ్ తలైవాస్ రూ. 94 లక్షలకు పాడుకుంది. టైటాన్స్ అతడి స్థానంలో రూ. 1.45 కోట్లు పోసి సిద్ధార్థ్ దేశాయ్‌ని తెచ్చుకుంది. ఒక మొనగాడు పోతే ఇంకో మొనగాడు అన్న లెక్క అది. ఆ లెక్క తప్పింది. ఆ ఏడు పన్నెండు జట్లలో టైటాన్స్ పదకొండో స్థానంలో ఉండిపోయింది. రాహుల్‌ను తీసుకున్న తలైవాస్ పన్నెండోదిగా, అంటే ఆఖరున మిగిలింది. ఇచ్చిన వారికీ, పుచ్చుకున్న వారికీ కూడా మేలు జరగలేదన్నమాట.

66 మ్యాచ్‌లు, 5 విజయాలు

ఆ తరువాత వచ్చినవి టైటాన్స్ అభిమానులు తలచుకోవడానికి ఇష్టపడని రోజులు. కరోనా కారణంగా అన్ని మ్యాచ్‌లూ బెంగళూరులోనే జరిగిన 2021-22 సీజన్‌లో దేశాయ్ తొలి మ్యాచ్‌ల్లోనే గాయపడ్డాడు. 22 మ్యాచ్‌లలో జట్టు గెలిచింది ఒక్కటి. 2022లో 22 మ్యాచ్‌లకు రెండు. 2023-24లో మళ్లీ 22 మ్యాచ్‌లకు రెండు. మూడు సీజన్లలోనూ చిట్టచివరి స్థానమే. మొత్తం 66 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి 5.

ఇందులో విచిత్రం ఏమంటే, మూడో సీజన్ నాటికి దేశంలోకెల్లా ఖరీదైన కబడ్డీ ఆటగాడు ఈ జట్టులోనే ఉన్నాడు. 2023 అక్టోబరులో జరిగిన వేలంలో పవన్ సెహ్రావత్‌ను టైటాన్స్ రూ. 2 కోట్ల 60 లక్షల 50 వేలకు పాడుకుంది. అంతవరకు లీగ్‌లో ఎవరికీ అంత ధర పలకలేదు. వేలానికి రెండు రోజుల ముందు, అక్టోబరు 7న, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచిన భారత జట్టుకు నాయకుడు అతనే. కొనడంలో తప్పు పట్టడానికి లేదు.

పవన్ ఆడలేదా అంటే ఆడాడు. ఆ సీజన్‌లో అతడి రైడ్ పాయింట్లు రెండు వందలు దాటాయి. అయినా జట్టు రెండంటే రెండు మ్యాచ్‌లే గెలిచింది. ఎందుకని?

ఖజానా ఒకటే

మొదటి కారణం డబ్బు. ఆ ఏడు ఒక్కో జట్టు ఆటగాళ్ల మీద ఖర్చు పెట్టగల మొత్తం రూ. 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్క పవన్‌కే పోయింది. మిగిలిన రెండు కోట్ల 39 లక్షల 50 వేల రూపాయలలోనే తక్కిన జట్టంతటినీ కూర్చుకోవాలి. ఇంటి పెద్దకు పట్టు పంచె కొని పిల్లలకు చిరుగు చొక్కాలు తొడిగినట్లయింది.

రెండో కారణం ఆటలోనే ఉంది. చెడుగుడు ఆడిన పల్లె జనానికి ఇది వేరే చెప్పనక్కర లేదు. కూతకు వెళ్లినవాడు పట్టుబడితే బయటికి పోవాలి. తన జట్టు ఎదుటి వారిలో ఒకరిని అవుట్ చేస్తే తప్ప అతడు తిరిగి బతకడు. జట్టులో కూతగాడు ఒక్కడే అయితే ఎదుటి వారి పని సులువు. ఏడుగురూ కలిసి ఆ ఒక్కడినీ పట్టి బల్ల మీద కూర్చోబెడతారు. అతడిని బతికించడానికి పాయింటు తేగలవారు మిగలరు. ముప్పై సెకన్ల కూతలు రెండు వరుసగా ఖాళీగా పోతే, మూడోసారి పాయింటు తేవడమో చావడమో తేలిపోవాలి. ఆ కూతకు అలవాటు లేనివాడు వెళితే దొరికిపోవడం ఖాయం. ఒకరి తరువాత ఒకరు పోయి జట్టు మొత్తం ఆలౌట్ అయితే ఎదుటి వారికి అదనంగా రెండు పాయింట్లు.

కూతగాడు ఎంత మొనగాడైనా పట్టు పట్టేవారు లేకపోతే లాభం లేదు. ఇటు పది పాయింట్లు తెస్తుంటే అటు పదిహేను పోతుంటాయి. బావిలో నీళ్లు తోడి చిల్లు కుండలో పోసినట్లు టైటాన్స్ ఆట సాగింది.

మార్పు ఎక్కడ మొదలైంది?

2024లో కృషన్ కుమార్ హుడా కోచ్‌గా వచ్చారు. అంతకు రెండేళ్ల క్రితం దబంగ్ ఢిల్లీని విజేతగా నిలిపిన గురువు ఆయన. పవన్‌ను టైటాన్స్ మళ్లీ తీసుకుంది గాని, ఈసారి ధర రూ. 1 కోటి 72 లక్షల 50 వేలకు దిగింది. ఆ మేరకు మిగతావారికి చోటు దొరికింది.

ఆ ఏడు అక్టోబరు 18న హైదరాబాద్ గచ్చిబౌలిలో తొలి మ్యాచ్‌లోనే బెంగళూరు బుల్స్‌ను 37-29తో ఓడించి శుభారంభం చేశారు. సీజన్ మధ్యలో పవన్ గాయపడ్డాడు. వెనకటి రోజుల్లో అయితే అక్కడితో కథ ముగిసేదే. కానీ విజయ్ మాలిక్ అనే ఆటగాడు భుజం పట్టాడు. పగ్గాలు చేతబట్టి కూతకు వెళ్లి పాయింట్లు తెచ్చాడు. పవన్ లేకుండా కూడా గెలవవచ్చునని జట్టుకు మొదటిసారి తెలిసింది అప్పుడే. మొత్తం 22 మ్యాచ్‌లలో 12 గెలిచి ఏడో స్థానంలో నిలిచారు. ప్లేఆఫ్‌కు ఆరు జట్లకే అవకాశం కనుక ఒక్క మెట్టులో తప్పిపోయింది. మూడేళ్లలో అయిదు మ్యాచ్‌లు గెలిచిన జట్టు ఒక్క ఏడాదిలో పన్నెండు గెలవడం గమనార్హం.

వేలంలో తెగువ

2025 మే 31, జూన్ 1 తేదీలలో ముంబయిలో వేలం జరిగింది. అప్పుడు టైటాన్స్ ముందున్న ప్రశ్న ఒకటే. పవన్‌ను నిలుపుకోవాలా, వదులుకోవాలా?

వదులుకున్నారు. తమిళ్ తలైవాస్ అతడిని రూ. 59 లక్షల 50 వేలకు దక్కించుకుంది. రెండేళ్ల కిందటి ధరలో ఇది నాలుగో వంతు కూడా లేదు. పెద్ద పేరుకు చిన్న ధర పలికినప్పుడు చేయి ఎత్తకుండా ఉండటానికి గుండె ధైర్యం కావాలి. రేపు ఓడితే నిందలు పడాల్సింది యాజమాన్యమే కదా.

లీగ్ నియమాల్లో ఫైనల్ బిడ్ మ్యాచ్ అని ఒక వెసులుబాటు ఉంది. తాము వదిలిన ఆటగాడిని వేరే జట్టు పాడుకుంటే, ఆఖరి ధరకు తామే తిరిగి తీసుకోవచ్చు. టైటాన్స్ ఈ అవకాశాన్ని విజయ్ మాలిక్ కోసం వాడుకుంది. రూ. 51 లక్షల 50 వేలకు అతడిని నిలుపుకొని కెప్టెన్‌ను చేసింది. మరో రూ. 81 లక్షలు పెట్టి భరత్ హుడాను తెచ్చుకుంది. ఇద్దరికీ కలిపి రూ. 1 కోటి 32 లక్షల 50 వేలు. 2023లో పవన్ ఒక్కడికి పెట్టినదానిలో ఇది దాదాపు సగం. పట్టు పట్టడానికి అంకిత్, అజిత్ పవార్, శుభమ్ షిండే వంటి వారు ఉండనే ఉన్నారు.

అంటే ఈసారి మొనగాడి బదులు మొనగాడిని వెతకలేదు. ఇద్దరు కూతగాళ్లు, వారి వెనుక గట్టి గోడ. 2019లో చేయని పని 2025లో చేశారు.

ఓటమితో మొదలై...

విశాఖలో తొలి రెండు మ్యాచ్‌లు పోయినా జట్టు బెదరలేదు. జైపూర్ పింక్ పాంథర్స్‌పై తొలి విజయం అక్కడే దక్కింది. ఆపైన వెనుదిరిగి చూడవలసిన అవసరం అంతగా రాలేదు. లీగ్ దశలో 18 మ్యాచ్‌లలో 10 గెలిచి నాలుగో స్థానంలో నిలిచారు. విజయ్ పట్టుబడితే భరత్ ఉన్నాడు. భరత్ బయట కూర్చుంటే విజయ్ తిరిగి బతికిస్తాడు. ఎదుటి వారికి ఎవరిని కాపు కాయాలో తెలియని పరిస్థితి వచ్చింది.

ఆఖరి పోటీలు ఢిల్లీలో జరిగాయి. మినీ క్వాలిఫయర్‌లో బెంగళూరు బుల్స్‌ను 37-32తో ఓడించారు. ఎలిమినేటర్‌లో పాట్నా పైరేట్స్‌పై 46-39తో నెగ్గారు. అక్టోబరు 29న రెండో క్వాలిఫయర్. గెలిస్తే ఫైనల్. ఎదుట పుణేరి పల్టన్. పోరు ఆఖరి దాకా సాగింది. 45-50తో టైటాన్స్ ఓడింది. అయిదు పాయింట్లు, అంతే తేడా. లీగ్ మొదలైన పన్నెండు సీజన్లలో టైటాన్స్ ఒక్కసారి కూడా ఫైనల్ ఆడలేదన్న మాట అలాగే మిగిలిపోయింది.

ఇక తలైవాస్ సంగతి. పవన్ సీజన్ మధ్యలోనే ఆ జట్టుకు దూరమయ్యాడు. ఎనిమిది జట్లకు అవకాశం ఉన్న ఆఖరి దశకు తలైవాస్ చేరనే లేదు. 2019లో రాహుల్‌తో ఎదురైన అనుభవమే వారికి మళ్లీ ఎదురైంది.

పవన్ తప్పేమీ కాదు

దీన్నిబట్టి పవన్ వల్లనే జట్టు ఓడిందని, అతడు పోగానే బాగుపడిందని అనుకుంటే పొరపాటే. మార్పుకు పునాది పడిన 2024లో అతడు జట్టులోనే ఉన్నాడు. తన చేతనైనంత పాయింట్లు తెచ్చాడు. ఒక్కడి మీద ఏడుగురి బరువు మోపడంలోనే తప్పుంది. కాడికి ఒకే ఎద్దును కట్టి పొలం దున్నమంటే అది ఎంత మేలుజాతిదైనా ఎన్ని సాళ్లు లాగుతుంది?

తీరని కోరిక

ఇంత జరిగినా పల్లెల్లో చెడుగుడు అభిమానులకు ఒక వెలితి ఉంది. రాహుల్ ఉత్తరప్రదేశ్ వాడు. పవన్ ఢిల్లీ వాడు. ఇప్పుడు జట్టును నిలబెట్టిన విజయ్, భరత్ హర్యానా వారు. పేరు తెలుగు టైటాన్స్ గాని కూత వినిపించేది ఉత్తరాది గొంతు. ఆడేవాడు ఎవరైనా మన జట్టే అన్నది సరే. కాని సంక్రాంతికి ఊరి చివర మెత్తటి నేలలో నీళ్లు చల్లుకుని, సున్నంతో గీత గీసుకుని, మోకాళ్లు దోక్కుపోతున్నా ఆడే కుర్రాళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ లేరు. మట్టి మీద ఆడిన కాళ్లకు మ్యాట్ అలవాటు చేయించి, తిండి పెట్టి, ఒక గురువును చూపిస్తే వారిలోంచి ఒక్కడైనా రాకపోడు.

రూ. 2.60 కోట్లకు కొన్న ఆటగాడు వెళ్లిపోయినా జట్టు నిలబడగలదని టైటాన్స్ చూపించింది. డబ్బుతో కొనలేనిది కూర్పు అని కూడా తేల్చింది. ఆ కూర్పులో ఒక తెలుగు కూత కలిసిన నాడు, విశాఖ స్టేడియంలో అభిమానుల కళ్లు ఎదుటి జట్టు కెప్టెన్ వైపు తిరగవలసిన పని ఉండదు.