తూకం వేరు, గుండ్రం వేరు

మా అశోక్ చౌక్‌లో గోడకు చేయి ఆనించి, పక్క కార్ఖానాలో పవర్‌లూమ్ సరిగా నడుస్తున్నదో లేదో చెప్పగల పెద్దలున్నారు. ఆ విద్య మోటారు కారుకు కూడ పనికివచ్చునని మేము ఇటీవలనే తెలుసుకొన్నాము.

శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథోత్సవం చూడటానికి మా బావమరిది కుమారుడు, కోడలు పూణే నుండి వచ్చినారు. వచ్చినది రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారులో. కొన్నది సెకండ్ హ్యాండు. దిగుతూనే మొరపెట్టుకొన్నాడు.

"మామయ్యా, తొంభై దాటితే స్టీరింగు గడగడ వణుకుతుంది. రెండుసార్లు బ్యాలెన్సింగు చేయించాను, తగ్గలేదు. ఇక సస్పెన్షను విప్పాలంటున్నారు."

ఆ రాత్రికే తిరుగు ప్రయాణమన్నాడు. గుమాస్తాలము, మాకు కారు సంగతి ఏమి తెలియును? మా వీధి ముసలి మిస్త్రీ దగ్గరకు తీసుకుపోయినాము.

ఆయన పనిముట్టు ముట్టక ముందు ప్రశ్నలు వేసినాడు. బండి నిలిపి ఇంజనును అంతే జోరుగా తిప్పితే వణుకుతుందా? లేదు. అయితే ఇంజను కాదు. బ్రేకు నొక్కినప్పుడేనా? కాదు. అయితే బ్రేకు డిస్కు కాదు. బయలుదేరిన కొంత దూరమేనా? చాలా రోజులు కదలక నిలిచిన టైరు నేల తాకినచోట చదునై, నడిచి వేడెక్కగానే సర్దుకొనును. అదీ కాదు. వణుకు స్టీరింగులోనా, సీటులోనా? స్టీరింగులో. "ముందు చక్రాలు చూద్దాం, బాబూ" అన్నాడు.

జాకీతో ఎత్తి, కింద దిమ్మ పెట్టి, సుద్దముక్కను టైరుకు వెంట్రుకవాసి దూరంలో కదలకుండ పట్టి, చక్రాన్ని మెల్లగా తిప్పినాడు. టైరు చక్కని గుండ్రమైతే సుద్ద అంతటా సమంగా తగలవలెను. ఎడమ టైరుకు ఒక్కచోటనే గీత పడినది. రిమ్ముకు సుద్ద పట్టి చూస్తే దోషం లేదు. లోపలివైపు చేయి పెట్టి తడిమితే ఆ గీత దగ్గరనే బుడిపె! బయటికి కనుపించనే లేదు.

పాఠకులు గమనించవలెను. బ్యాలెన్సింగు తూకాన్ని మాత్రమే సరిచేయును; వంకరను గుండ్రం చేయదు. కారు టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు పధ్నాలుగు సార్లు తిరుగును. ఎత్తుచోటు పధ్నాలుగు దెబ్బలు కొట్టును. స్పోర్ట్స్ కారు టైరుకు పక్కగోడ పొట్టి గనుక దెబ్బ నేరుగా చేతికి వచ్చును.

వణుకును ఓర్చుకొంటే ఏమగునో 2005 మే 29న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ కారు పందెంలో లోకమంతా చూచినది. ముందున్న కిమి రైకోనెన్ కారుకు బ్రేకు బిగిసి ముందు టైరు ఒకచోట అరిగి చదునైనది. వణుకుతూనే నడిపినాడు. చివరి చుట్టు ఆరంభంలో సస్పెన్షను విరిగినది. గెలుపు అలోన్సోకు దక్కినది.

మా అల్లుడు అప్పటికీ "నెమ్మదిగా పోతానులే" అన్నాడు. మిస్త్రీ నవ్వలేదు.

"టైరు లోపల ఉన్నదీ నేతే, బాబూ. పడుగు దారాలు తెగినచోట గాలి బుడిపెగా పొంగుతుంది. తెగిన పడుగును నమ్మి ఇంటి కోడలిని కూర్చోబెడతావా?"

సాలె ఇంటి బిడ్డకు అంతకన్న చెప్పనక్కరలేదు. ప్రయాణం ఆగినది. మరునాడు ముందు టైర్లు రెండూ మార్చి, తూకం సరిచూపించి బయలుదేరినారు. సాయంకాలం ఫోను వచ్చినది: "మామయ్యా, వణుకు పోయింది. సస్పెన్షను జోలికి పోలేదు."

బుడిపె లేక, ఒకటి ఒకటిన్నర మిల్లీమీటరు ఎత్తుపల్లము మాత్రమే ఉంటే, టైరు ఎత్తుచోటు రిమ్ము పల్లపు చోటికి వచ్చునట్లు తిప్పి ఎక్కించినా ఒక్కొక్కప్పుడు సరిపోవును. బుడిపె కనుపించినదా, ఆ టైరుతో పొరుగు వీధికి కూడ పోరాదు. సుద్దముక్క ఖరీదెంత? మనిషి ఖరీదెంత?